పని పెట్టని తోట

ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన ఎమ్మిగనూరు రోడ్డు పక్కన చెక్కతో ఇల్లు కట్టించుకున్నాడు. చుట్టూ తోట వేయమని, చిన్న నర్సరీ నడుపుకునే నన్ను పిలిపించాడు. ఏ మొక్క చూపించినా చూపుడువేలు ఆడిస్తూ ఒకటే మాట: "వద్దప్పా, ఇది పని పెడతాది."

"అట్లయితే తంగేడు నాటుకోండి సావుకారూ. మన ఎండకు నీళ్లు గూడా అడగదు," అన్నాను.

"గొర్రెలు గూడా ముట్టని సెట్టు నా ఇంటి ముందరా?" అని నవ్వి, నన్ను పంపించేశాడు. ముంగిలంతా ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. ఇంత తెలివి నేనింకెక్కడా చూడలేదు.

పోయిన ఎండాకాలం అటు వెళ్తూ ఆగాను. ఆయన పైపు పట్టుకుని ఆ గడ్డిని తడుపుతున్నాడు. పొద్దున దుమ్ము కడగడానికి, సాయంత్రం కాళ్లు కాలకుండా చల్లబరచడానికి, రోజుకు రెండుసార్లట. బతికున్న గడ్డి కూడా అన్ని నీళ్లు తాగదు.

ఆ నీళ్లు పారి చేరిన గోడ వారన, ఎవరూ నాటని తంగేడు మొక్క ఒకటి విరగబూసి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, ఆయన పైపు వదలకుండానే వేలు ఆడించాడు.

"పొయ్యేటప్పుడు దాన్ని పీకి పడేసి పోప్పా. ఉంటే పని పెడతాది."