దీనమ్మ ఏరిన ఎముకలు

గోదావరి మధ్యనున్న ఆ లంకలో ఎవరు పోయినా దీనమ్మే వెళ్ళి బైబిలు వాక్యం చెప్పేది. మిషను బడిలో చదువుకున్న మనిషి, గొంతు మంచిది. పెట్టె గోతిలోకి దించగానే యెహెజ్కేలు ప్రవక్త చూసిన లోయ సంగతి ఎత్తుకునేది. లోయ నిండా ఉన్న ఎండిన ఎముకలు దేవుడి మాట వినగానే గలగలమంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కున్నాయని, ఊపిరి పోసుకుని లేచి నిలబడ్డాయని చెప్పేది. తన ఆరేళ్ళ కూతురు చిన్నమ్మాయి తట్టు వచ్చి పోయిన రోజు కూడా ఆవిడే చెప్పింది. ఒక్క మాటా వదల్లేదు.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు, ఎనభై ఆరు ఆగస్టులో, గోదావరి లంకను ముంచేసింది. జనమంతా ఏటిగట్టు మీద తాటాకులు కప్పుకుని పదకొండు రోజులున్నారు. నీళ్ళు తీశాక మొదటి పడవలో వెళ్ళొచ్చిన గంగరాజు దీనమ్మ ఎదుట చతికిలబడ్డాడు. ఊళ్ళో గోతులు తవ్వేది అతనే.

"ఏంటి గంగరాజూ?"

"సమాధుల దొడ్డిని ఏరు కోసేసిందక్కా. అన్నీ ఇసకమేట మీద పడున్నాయి. ఎవరివేవో తెలీట్లేదు."

మర్నాడు పొద్దున్నే దీనమ్మ వెళ్ళింది. కొబ్బరి డొక్కల మధ్య, కొట్టుకొచ్చిన దుంగల మధ్య, తోమినట్టు తెల్లగా ఉన్నాయి ఎముకలు. ఉన్నట్టుండి గలగలమని చప్పుడైంది. ఆవిడ గంగరాజు చెయ్యి పట్టేసుకుంది.

"విన్నావా?"

"వెదురు పొదక్కా. గాలికి."

వెదురేనని ఆవిడకీ తెలుసు. అయినా ఎండ నడినెత్తికి వచ్చేదాకా కదల్లేదు. ఎముకలూ కదల్లేదు.

సాయంత్రం సంగతి విని పాస్టరుగారు వచ్చారు. "ఆ లోయలోవి మన సమాధుల్లో ఎముకలు కావు, దీనమ్మా. శత్రువుల చెరలో పరాయి దేశానికి పోయి, ఇక మా పని అయిపోయిందనుకున్న జనం. లేపడమంటే వాళ్ళను మళ్ళీ సొంత ఊరికి చేర్చడం."

"మరి ఇన్నేళ్ళూ నాతో అనలేదేంటండీ, అయ్యగారండీ?"

"నువ్వు చెబుతుంటే ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపేవారమ్మా. ఎలా అనను?"

మూడు రోజులు దీనమ్మా గంగరాజూ ఎముకల్ని గోనెసంచుల్లోకి ఏరారు. లంకలో పాతిన పిల్లలు తొమ్మిదిమంది. చిన్న పుర్రెలు నాలుగే దొరికాయి. పోయేనాటికి చిన్నమ్మాయికి ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. దీనమ్మ ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని ఏటి నీళ్ళతో కడిగి చూసింది. నాలుగింటికీ ముందు పళ్ళు లేవు.

"మట్టిలో ముందు ఊడేవి అవేనక్కా," అన్నాడు గంగరాజు తల తిప్పుకుని.

గట్టు వారన ఉన్న తన కొబ్బరితోటలో ఒక మూల రైతు అమ్మిరాజుగారు చోటిచ్చారు. అందరికీ ఒకటే గొయ్యి. వాక్యం కోసం జనం ఎదురుచూశారు. దీనమ్మ నోరు తెరిచింది కానీ లోయ మాట రాలేదు. పేర్లు వచ్చాయి. గుర్తున్నంతవరకూ, ఆ దొడ్డిలో పాతిన వాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పింది. ఆవిడ ఆగిన చోట ఎవరో ఒకరు అందించారు.

క్రిస్మసు నాటికి లంకలో ఇరవై పాకలు లేచాయి. "చూశావా, లేవడమంటే ఇదే," అన్నారు పాస్టరుగారు. ఆవిడ కాదనలేదు. తను మాత్రం మళ్ళీ లంకకు వెళ్ళలేదు. గట్టు మీదే చిన్న పాక వేసుకుంది. ఎందుకక్కా అని గంగరాజు అడిగితే ఏటి వైపు చూస్తూ చెప్పింది:

"ఇంకా ఐదుగురు పిల్లలు రావాలి కదరా. ఎక్కడ తేలినా ఈ గట్టెక్కే రావాలి."