ముసలయ్య గుండెకి రెండు బొమ్మలు

గోల్‌మురి బస్తీలో ఉండే త్రివేణికి మొండిదని పేరు. ఉండదూ మరి! కార్మికుడి కూతురు ఎమ్మారై మిషన్ నడుపుతుందా అని నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించి, బిష్టుపూర్‌లో ఓ స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌గా కుదురుకున్న మనిషి.

2006లో ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ బట్టీల మీద పనిచేసే ముసలయ్యని గుండె స్కానింగుకి పంపారు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. గుండె బాగాలేదని రిపోర్టొచ్చిందా, అన్‌ఫిట్ రాసి ఇంట్లో కూర్చోబెడతారు. ఆ మాటకే ఆయన సగం చచ్చిపోయున్నాడు.

ఆ స్కానులో ఊపిరి వదిలి ఆగిన ప్రతిసారీ గుండె బొమ్మని ఒక్కో ముక్కగా తీస్తారు. అన్నిసార్లూ ఒకేలా ఆగాలి. ముసలయ్య వదిలేవాడు, ఆగేముందు మళ్ళీ పీల్చేసేవాడు. ఒకసారి గంపెడు, ఒకసారి పిడికెడు. దాంతో గుండె కిందికీ పైకీ జరిగి ముక్కలు ఒకదానికొకటి అతకలేదు. ఎందుకలా చేస్తున్నావు బాబాయ్ అని త్రివేణి అడిగింది.

"బట్టీ తలుపు తీత్తే విషప్పొగ కొడతాది, ముందే గాలి నిండా పీల్చి బిగబట్టాల. ముప్పయ్యేళ్ళ అలవాటమ్మా. రొమ్ములో గాలి లేకుండా నిలబడినోడు ఇంటికెళ్ళడు."

రిపోర్టు రాసే డాక్టర్ నారాయణమూర్తి మాత్రం ఏ ముక్కకా ముక్క అద్దంలా ఉందని మురిసిపోయి, గుండె గోడ ఒక పక్క కదలడం లేదని తేల్చేశాడు. త్రివేణికి ఒళ్ళు మండిపోయింది. పైన పటారం, లోన లొటారం! ఎవరినీ అడక్కుండా ముసలయ్యని మళ్ళీ పడుకోబెట్టి ఇంకో పద్ధతిలో తీసింది. అందులో ఊపిరి బిగబట్టే పనే లేదు, గుండె కొట్టుకుంటుండగానే మిషన్ చకచకా తీసేస్తుంది. బొమ్మ ఇసక చల్లినట్టు గరుగ్గా వచ్చింది. గోడ మాత్రం నాలుగు పక్కలా కదులుతోంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. నిన్నెవరు తియ్యమన్నారని డాక్టర్ మండిపడ్డాడు. ఇంత మసక బొమ్మని ఎవరు నమ్ముతారన్నాడు.

"రేపు ఆయన బట్టీ మీద పడిపోతే జవాబు ఎవరు చెప్తారమ్మా?"

"నేను చెప్తాను సార్. రిపోర్టులో నా పేరు రాయండి. తప్పని తెలిసీ ఆ మొదటి బొమ్మ మాత్రం నా చేత్తో బయటికివ్వను. ఉద్యోగం తీసేస్తారా, తీసేయండి."

ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. డాక్టర్ రెండు బొమ్మల్నీ మళ్ళీ మళ్ళీ ఆడించి చూశాడు. చాలాసేపటికి మొదటి రిపోర్టు చింపేసి కొత్తది రాశాడు. కింద సంతకం పెట్టి, పక్కన కాస్త చోటు వదిలి, పెన్ను త్రివేణికిచ్చాడు.

సోమవారం పొద్దున ఆరింటి షిఫ్టుకి ముసలయ్య సైకిలెక్కి డ్యూటీకి పోయాడు.