ఎర్ర రిబ్బను కట్టుకున్న అచ్చియమ్మ గారు

కంచె అవతల నుంచి ఆముదం కాలుతున్న వాసన ఈ ఉదయం మళ్ళీ వచ్చింది. పెంటయ్య గారి కోడలు కాటుక పడుతోంది. ప్రమిదలో వత్తి, దాని మీద బోర్లించిన ఇత్తడి పళ్ళెం, పళ్ళేనికి మెల్లగా పేరుకునే నల్లటి మసి. ఆ వాసనకు ఎవరికైనా పసిపిల్లలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం పెంటయ్య గారి తల్లి అచ్చియమ్మ గారు గుర్తుకొస్తారు. ఆవిడతో నేను గెలవని వాదన ఒక్కటీ లేదు. ఆవిడ ఓడిపోయానని ఒప్పుకున్న వాదనా ఒక్కటీ లేదు.

మద్రాసు కాలేజీలో చదువుకుని, మండపేటకు పడవలు పోయే కాలువ ఒడ్డున ఉన్న ఈ ఊరి ఆడపిల్లల బడికి పంతులమ్మగా వచ్చిన కొత్తలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ముళ్ళకంచె ఒకటే అడ్డు. వాళ్ళు భూములున్న రైతులు. మేము చర్చివాళ్ళం. ఆవిడ ఆ కంచె దాటి మా వాకిట్లో ఏనాడూ కాలు పెట్టలేదు. కూరగాయలు మాత్రం దాటేవి. కంచె సందులో దొండకాయలు పెట్టి ఆవిడ రెండడుగులు వెనక్కి జరిగితే నేను తీసుకోవాలి.

"దొండకాయలు దాటొచ్చు గానీ మీరు దాటకూడదా అండీ?" అని ఒకరోజు అడిగేశాను.

"దొండకాయని నిలదీసే కులపెద్దలు లేరు కదా పంతులమ్మా. నాకున్నారు," అన్నారు, నవ్వకుండా.

మా అమ్మాయి రూతుకు ఆ కంచె లెక్క లేదు. కుక్క దూరే సందులోంచి పాకుతూ పోయి ఆవిడ ఒళ్ళో కూర్చునేది. "అయ్యో, మళ్ళీ స్నానం చెయ్యాలేమో పాపం!" అని నేను దెప్పితే, "సాయంత్రం ఎలాగూ చేసేదేగా, కాస్త ముందు చేస్తాను," అని పిల్ల తల నిమిరేవారు. ఆ నిమరడంలో ఒక ఆత్రం ఉండేది. అది నాకు తెలిసిన ఆత్రమే. రూతుకు ముందు పుట్టిన నా ఇద్దరు మగపిల్లలు చర్చి వెనక మట్టిలో ఉన్నారు. ఆవిడ పిల్లలు కాలువ గట్టు అవతల ఉన్నారు. మిగిలినవాడు పెంటయ్య ఒక్కడే. పుట్టగానే వాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో చాటెడు తవుడు ఇచ్చి కొన్నట్టుగా కొని, మళ్ళీ తల్లికి అప్పగించారు. ఇంటింటా అడుక్కొచ్చిన పాత గుడ్డలే వాడికి బట్టలు. ముఖమంతా మసి.

"ముద్దుగా ఉంటే కన్ను పడుద్ది. ఎవరికీ అక్కర్లేని బిడ్డలా ఉంటే వదిలేసి పోద్ది," అనేవారు ఆవిడ.

"ఎవరి కన్నండీ?" అని నేను పట్టుబడితే, కాటుక ప్రమిదలో వత్తి ఎగదోయడం మొదలుపెట్టేవారు.

రూతుకు మూడో ఏడు నడుస్తుండగా మా ఇంట్లో యుద్ధం మొదలైంది. అది బట్టల యుద్ధం. నేను తెల్లగౌను తొడిగితే అది విప్పి పారేసేది. వంటింట్లో మసిగుడ్డ తెచ్చి ఒంటికి చుట్టుకునేది. నున్నగా దువ్విన తలను రెండు చేతులా రేపుకునేది. కుండ అడుగున వేలు రాసి బుగ్గలకు పూసుకునేది. ఒకటి కాదు, రెండు బుగ్గలకూ, సమానంగా, అద్దంలో చూసుకుంటూ. బతిమాలాను, బెదిరించాను, బెల్లంముక్క చూపించాను. బెల్లం తినేసి, "వద్దు," అనేది. "ఈ మొండితనం ఎవరి పోలికంటావు?" అని మా ఆయన పుస్తకం వెనక దాక్కుని అడిగేవారు. దానికి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.

వేసవిలో కాలువలు కట్టేసిన రోజులవి. రేవు మెట్ల కింద నీళ్ళు లేవు. నెర్రెలిచ్చిన బురద, అక్కడక్కడా పచ్చటి గుంటలు. మిట్టమధ్యాహ్నం గట్టు మీద కాకి కూడా ఉండేది కాదు. అలాంటి ఒక పూట, మసి పూసుకుంటున్న రూతు చెయ్యి పట్టుకుని, "ఎందుకే ఈ వేషం?" అని అడిగాను.

"ఆవిడ చూస్తది."

"ఎవరు?"

"రేవులో ఆవిడ. జుట్టు పిండుకుంటది."

ఎండిపోయిన రేవులో జుట్టు పిండుకోవడమేమిటి? ఇదంతా కంచె అవతలి పాఠమేనని నాకు అర్థమైపోయింది. పిల్లను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళి, ఊరు వినేలా కడిగేశాను.

"నా పిల్లకి దయ్యాల కబుర్లు చెప్పకండి! బడిలో పదిమంది పిల్లలకి లేవని చెప్పి, నా ఇంట్లో ఉన్నాయనుకోమంటారా?"

"నేనేం చెప్పలేదు తల్లీ," అన్నారు అచ్చియమ్మ గారు, చిక్కుళ్ళు తుంచుతూ.

"మరి రేవులో జుట్టు పిండుకునే ఆవిడ ఎవరండీ?"

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ తుంచకుండానే ఆగిపోయింది. "ఏ భుజం మీదికి వేసుకుని పిండుకుంటదంట?" అని మెల్లగా అడిగారు.

నేను రూతును ఆ సంగతి అడగలేదు. నా చీర కుచ్చిళ్ళ చాటునుంచి రూతు తన ఎడమ భుజం తాకి చూపించింది.

అచ్చియమ్మ గారు చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టారు. తర్వాత, "నేను చూసినప్పుడు పెంటయ్య కడుపులో ఉన్నాడు. మిగతావాళ్ళు అప్పటికింకా ఆడుకుంటున్నారు," అన్నారు. నేను నోరు తెరిచేలోగా, "పిల్ల ఏం కట్టుకుంటానంటే అది కట్టుకోనీ పంతులమ్మా. నీకు చదువుంది. దానికి చూపుంది," అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను కట్టుకోనివ్వలేదు. ఆ వారంలోనే మిషను దొరసాని మా బడి చూడడానికి రాజమహేంద్రవరం నుంచి వచ్చింది. పంతులమ్మ కూతురు మసిబొగ్గులా కనిపిస్తే నేను పిల్లలకు చెప్పే శుభ్రతకు విలువేముంది? తెల్లగౌను బయటికి తీశాను. మద్రాసు నుంచి తెప్పించిన ఎర్ర రిబ్బను తీశాను. రూతు కాళ్ళు తన్నుకుంది, నా మణికట్టు కొరికింది. ఉన్నట్టుండి ఆ పెనుగులాట ఆగిపోయింది. అద్దంలో నన్ను కాకుండా నా భుజం పక్కన ఎక్కడో చూస్తూ, పెద్దమనిషిలా అడిగింది.

"నన్ను ఆవిడకి చూపించేత్తావా అమ్మా?"

ఓడిపోయే అలవాటు నాకు లేదు. ముడి ఇంకాస్త బిగించాను.

బడి అరుగు మీద పిల్లలు కీర్తన పాడుతున్నారు. రూతు ముందు వరుసలో కదలకుండా నిలబడి ఉంది. పాట మధ్యలో ఆగింది. గుమ్మంలో అచ్చియమ్మ గారు! నా వాకిట్లోకే రాని మనిషి ఊరంతా చూస్తుండగా వీధి దాటి, మిషను బడి గడప దాటి, ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చారు. ఎవరినీ పలకరించలేదు. పళ్ళెంలోంచి మసి తీసి రూతు నుదుటికీ బుగ్గలకూ తెల్లగౌనుకూ పూశారు. రిబ్బను లాగి గుప్పిట్లో పెట్టుకున్నారు.

"ఏంటండీ ఈ పని? మతి గానీ పోయిందా?" అని అరిచాను.

"పోతే పోనీ. పిల్ల ఉంటది."

రిబ్బను కట్టినప్పటినుంచి పెదవి విప్పని రూతు కిలకిలా నవ్వింది. "ఈమె ఎవరు?" అని దొరసాని అడిగితే, "మా పొరుగావిడండీ," అన్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద నవ్వులు వినిపించి పరుగెత్తాను. రేవు ఆఖరి మెట్టు మీద అచ్చియమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా ముతక తెల్లచీర తప్ప కట్టని ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకున్నారు. కళ్ళనిండా కాటుక. తెల్లజుట్టులో మల్లెపూలు, నా కూతురి ఎర్ర రిబ్బను.

"ముసలమ్మకి పెళ్ళి కుదిరిందిరోయ్!" అని ఎవరో ఈల వేశారు. "అమ్మా, పరువు తీత్తన్నావు, లే!" అని గట్టు మీద పెంటయ్య గారు తల బాదుకుంటున్నారు.

నేను మెట్లు దిగాను. రాయి అరికాళ్ళను కాల్చేస్తోంది. "లేవండి, ఎండదెబ్బ తగులుద్ది," అన్నాను.

"నువ్వు పైకి పో పంతులమ్మా. చూడాల్సింది చూత్తంది."

"ఇక్కడ ఎవరూ లేరండీ!"

"ఈ ఒక్కసారికి వాదించకు."

అప్పుడు చూశాను. ఆవిడ ఎడమపక్కన, ఆ కాలే రాతి మీద, ఒక మనిషి కూర్చునేంత మేర తడిగా ఉంది. నేను చూస్తుండగానే ఆరిపోవాల్సిన తడి. అది ఆరలేదు.

రెండు రోజులు తిరక్కుండానే ఊళ్ళో కలరా తగిలింది. రూతు కళ్ళు గుంటలు పడ్డాయి, చేతివేళ్ళు ముడతలు పడ్డాయి. అచ్చియమ్మ గారికీ అదే రోజు మొదలైంది. మర్నాటి పొద్దుటికి రూతు కళ్ళు తెరిచి గంజి అడిగింది. తాగించి, నేను కంచె సందులోంచే దూరి అవతలికి వెళ్ళాను. నన్ను ఎవరూ ఆపలేదు. నా చేతి నీళ్ళు ఆవిడ తాగారు.

"పిల్ల?"

"గంజి తాగిందండీ."

ఆవిడ చెయ్యి తడుముకుంటూ తలలోని రిబ్బను దాకా వెళ్ళింది. "నేను బాగున్నానా?" అని అడిగారు.

"చాలా బాగున్నారండీ."

"అయితే సరే," అన్నారు. ఆ మాటతోనే పోయారు. రిబ్బను తియ్యడానికి పెంటయ్య గారు ఒప్పుకోలేదు. దాంతోనే సాగనంపారు.

కలరా ఎలా వస్తుందో నాకు తెలుసు. గుంటల్లో నీళ్ళు కాచకుండా తాగితే వస్తుంది. వాళ్ళింట్లో ఆ నీళ్ళే తాగేవారు. రూతు ఆవిడ ఒళ్ళో కూర్చుని తాగి ఉంటుంది. పసిది తట్టుకుంది, ముసలిప్రాణం తట్టుకోలేకపోయింది. మా ఆయనకు చెప్పాను, పాస్టరు గారికి చెప్పాను, పెద్దయ్యాక రూతుకూ చెప్పాను. అప్పటినుంచి ప్రతి వేసవిలో బడిపిల్లలందరి చేతా నీళ్ళు కాయిస్తున్నాను. నా వాదనలో ఎక్కడా సందు లేదు, ఆ మెట్టు తప్ప. అయినా ఏ పిల్లనూ తనకు ఇష్టం లేని ముస్తాబులోకి నేను మళ్ళీ నెట్టలేదు. జుట్టు దువ్వించుకోనని మొరాయించే పిల్ల ఎదురైతే దువ్వెన పక్కన పెట్టి, పిల్ల చూసే వైపు ఒకసారి నేనూ చూస్తాను.

రూతుకు రెండో కాన్పు దగ్గరపడిందని దాని కూతుర్ని నా దగ్గరికి పంపారు. దీనికీ మూడో ఏడే. ఇది వేసవి. కాలువలు కట్టేశారు. ఈ ఉదయం కొత్తగౌను తొడగబోతే విప్పేసి, నా పాత చీరముక్క చుట్టుకుని మూలకు పోయింది.

"వద్దు అమ్మమ్మా. చూస్తది."

ఎవరని నేను అడగలేదు. గౌనుతో వచ్చిన ఎర్ర రిబ్బను తీసుకుని, అద్దం ముందు నిలబడి, నెరిసిన నా జడకు కట్టుకున్నాను. కంచె దగ్గర ఆగి, "కాస్త కాటుక పెట్టమ్మా," అన్నాను.

"ఏంటండీ పంతులమ్మ గారూ, ఈ వయసులో ఈ షోకు!" అని పెంటయ్య గారి కోడలు నవ్వింది. నవ్వుతూనే పెట్టింది.

ఈ మాటలు రేవు ఆఖరి మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నమైంది. గట్టు మీద ఎవరూ లేరు. రాయి కాలిపోతోంది. ఎడమ మోచేతికి మాత్రం చల్లగా తగులుతోంది. అటు తిరిగి చూడలేదు. కాస్త జరిగి చోటిచ్చాను.

"రా, కూర్చో," అన్నాను. "నీతో వాదించాల్సింది చాలా ఉంది."