ఎదురు రావడానికో మనిషి

ఎనుమాముల మార్కెట్ దారిలో మా అమ్మకు గిర్ని ఉంది. పిండి, పసుపు, కారం పట్టి ఇస్తుంది. ఆ మోత మీద అరిచి అరిచి ఆమె గొంతు ఎంత పెద్దదైందంటే, స్పెయిన్‌లో నేను ఫోన్ ఎత్తితే పక్కనున్న వంటింట్లో నాకు గది అద్దెకిచ్చిన ఇంటామె ఉలిక్కిపడేది. "మీ అమ్మకు కోపం వచ్చిందా?" అని అడిగేది. లేదు, ఏం కూర వండుకున్నావని అడుగుతోంది అని చెప్పేదాన్ని.

ఇంజనీరింగ్ చదివిన నేను ఏడాది పాటు గ్రనాడా పోయి స్పానిష్ నేర్చుకుంటానంటే అమ్మ ఒక్కటే అంది: "ఇంగ్లీష్ల నాలుగు ముక్కలు మాట్లాడుమంటే నీళ్లు నములుతవ్. ఇంకోటెందుకే?" ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అక్కడికి పోయాక స్పానిష్‌లోనూ నీళ్లే నమిలాను. వాళ్లకు మధ్యాహ్నం భోజనం మూడింటికి, రాత్రి భోజనం పదింటికి. నా కడుపు మాత్రం హనుమకొండ టైమే పట్టుకుని కూర్చుంది. కారం అనుకుని కొన్న ఎర్రపొడికి రంగే తప్ప మంట లేదు. వీడియోలో చూపిస్తే గిర్ని ఓనరుకు తల తీసేసినంత పనైంది. "గిది కారమా? పారెయ్ బిడ్డా. ఊకె రంగు తింటానవ్" అంది.

మా ఇంటామెకు డెబ్భై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. పొద్దున లేవగానే చెవులకు ముత్యాలు, పెదాలకు ఎర్రరంగు. చెత్త పారేయడానికి కిందికి దిగినా అదే ముస్తాబు. నేను పాత టీషర్టుతో రొట్టెకు బయలుదేరితే తలుపు దగ్గరే ఆపి, మార్చుకు రమ్మని వెనక్కి పంపేది. ఆ ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఎవరని అడిగితే చూసినవాళ్లు ఆమెనే చూపించేవాళ్లు.

కోర్సు చివర్లో మాట్లాడే పరీక్ష ఉంటుంది. అది తప్పితే సర్టిఫికెట్ రాదు. పరీక్ష రోజు పొద్దున అమ్మ గిర్నిలోంచే వీడియో కాల్ చేసింది.

"ఎవర్నన్న ఎదురు రమ్మన్నవా?"

మా ఇంట్లో ఇది తప్పదు. ముఖ్యమైన పని మీద గడప దాటుతుంటే మంచి మనిషి ఎదురు రావాలి. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయాడు. అంతవరకూ అమ్మే వచ్చేది. ఆ తర్వాత నా ప్రతి పరీక్షకూ పక్కింటి పెద్దమ్మను నీళ్ల బిందెతో రమ్మని, తను వంటింట్లోకి పోయి తలుపు దగ్గరకు వేసుకునేది. పెద్దమ్మ తీరిగ్గా చీర మార్చుకుని వచ్చేలోపు ఒకసారి బస్సే పోయింది. ఆమె ఎదురొచ్చిన ఎంట్రెన్సుల్లో నా ర్యాంకులు చూస్తే శకునాల మీద ఎవరికైనా నమ్మకం పోవాలి. అమ్మకు పోలేదు. నేను ఎంత పోట్లాడినా ఆ తలుపు తీసేది కాదు, నాకు పరీక్ష కన్నా ఆ తలుపే ఎక్కువ బాధగా ఉండేది.

"ఈడ ఎవరున్నరమ్మా, ఇంటామె తప్ప" అన్నాను.

"ఆమెనే రమ్మను. జర నవ్వుకుంట రమ్మను."

ఆ ముత్యాలూ ఆ రంగూ చూసి అమ్మ ఆమెను ముత్తైదువే అనుకుంది. నేనూ ఎప్పుడూ విడమర్చి చెప్పలేదు. నాకొచ్చిన స్పానిష్‌లో ఇంటామెకు సంగతి వివరించాను. మీరు ముందు దిగి వీధి మలుపు దాకా పోండి, నేను గుమ్మం దాటగానే నా వైపు నడవండి అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు, ఏ చెప్పులు వేసుకోవాలని మాత్రం అడిగింది. గాజు కూజా నిండా నీళ్లతో, ఎత్తు మడమల చెప్పులతో టకటకా నడిచి వచ్చింది. రొట్టెల కొట్టాయన బయటికొచ్చి మరీ చూశాడు. ఫోన్‌లో అమ్మ మురిసిపోయింది.

దగ్గరికొచ్చాక ఇంటామె ఫోన్‌లోకి తొంగి చూసి, "మీ ఊళ్లో మీ అమ్మే వస్తుందేమో కదా?" అంది. రాదు, నాన్న పోయాడు కాబట్టి, భర్త లేనివాళ్లు ఎదురు రాకూడదంటారు కాబట్టి అని చెప్పాను. ఏడాదిలో నేను తడబడకుండా చెప్పిన పొడుగు మాట అదే. ఆమె నవ్వు ఆగిపోయింది. కూజా పట్టుకుని గోడ వైపు జరిగింది.

"ఆమె ఎందుకట్ల పక్కకు జరిగింది?" అంది అమ్మ.

ఆమెకూ భర్త లేడని చెప్పక తప్పలేదు. అమ్మ గిర్ని మోతను మించి అరిచింది.

"జరగద్దని జెప్పు! మల్లొక్కసారి రమ్మను. ఆమెను గట్ల ఎవరన్నరు?"

"నువ్వే అంటవ్ గదమ్మా."

"నేను నన్నంట. ఆమెనెందుకంట?"

ఇంటామె మళ్లీ మలుపు దాకా పోయి వచ్చింది. పరీక్ష పాసయ్యాను.

తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఒక కంపెనీ స్పానిష్ వచ్చినవాళ్లను ఇంటర్వ్యూకు పిలిచింది. అమ్మ ఎదురొస్తే తప్ప కదలనని గడప మీదే కూర్చున్నాను. తిట్టుకుంటూ వచ్చింది, తల వంచుకుని, దొంగతనం చేస్తున్నట్టు. ఆ ఉద్యోగం రాలేదు. "నేను జెప్పలేదా" అని అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. పెద్దమ్మ ఎదురొచ్చినవి ఎన్ని పోయాయో నేను లెక్క చెప్పబోతే వినలేదు. నాకు ఉద్యోగం రానందుకు కాదు, అందుకు ఏడుపొచ్చింది.

ఇంకో కంపెనీ పిలిచినప్పుడు అమ్మను ఎదురు రమ్మని అడగడానికి ధైర్యం చాలలేదు. అమ్మ పొద్దున్నే గిర్నికి పోయింది. చెప్పులేసుకుని గేటు తీసేసరికి గల్లీ చివరి నుంచి తలెత్తుకుని నడిచి వస్తోంది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

"తాళం మర్సిపోయిన. గిర్నికెల్లి వస్తాన" అంది.

గిర్ని ఉన్నది ఆమె వచ్చిన వైపు కాదు, గల్లీకి ఇటు వైపు.