మామ ఆంప్లిఫయర్, అత్తమ్మ చెవి

"మీ అత్తమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. జెర జల్దీ రా" అని మెట్టుగూడ నుంచి అత్తమ్మ పక్కింటామె ఫోన్ చేసింది. అత్తమ్మ అంటే మా నాన్న చెల్లెలు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. ఆమెను సమాధుల తోటలో పెట్టి వచ్చి ఇన్ని రోజులైనా, ఆమె ముందుగదిలోకి వెళితే ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుతున్నాను.

ఆ గదిలో మామ, అంటే అత్తమ్మ భర్త, గిటార్ చప్పుడు పెంచుకునే ఆంప్లిఫయర్ పెట్టె ఉంది. మామ చర్చిలోనూ పెళ్లిళ్లలోనూ వాయించేవాడు. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులే అందులోనూ ఉంటాయి. స్విచ్ వేస్తే కాసేపటికి లోపల సన్నగా ఎర్రబడతాయి. మామ పోయాక దాన్ని ఎవరికైనా ఇచ్చేయమని నాన్న చాలాసార్లు చెప్పాడు. అత్తమ్మ వినలేదు. తనకు గిటార్ రాదు. అయినా సాయంత్రం పూట అది ఆన్ చేసి, ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుక్కునేది.

ఒకసారి నేను వెళ్లేసరికి అందులోంచి ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు చప్పుడు వస్తోంది. గిటార్ గోడకే వేలాడుతోంది, వైరు కూడా పెట్టలేదు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"భయపడకు. మీ మామనే అనుకున్న నేను సుత," అంది అత్తమ్మ తలెత్తకుండా. "వాల్వు పాడైతే గిట్లనే చప్పుడొస్తదట. రిపేరాయన చెప్పిండు."

"మరి మార్పించలేదేం?"

"మారిస్తే ఇది పోతది గద బిడ్డా."

చాలా నెలలు అట్లాగే ఉంచింది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకని చర్చి పిల్లలు ఆంప్లిఫయర్ అడిగి తీసుకెళ్లినప్పుడు మాత్రం, చిన్నపిల్ల ఒకతి పాడుతుంటే ఆ చప్పుడు పాటను మింగేసింది. అత్తమ్మ వెనక బెంచీలో కూర్చుని విన్నది. మర్నాడే రిపేరాయన దగ్గర కూర్చుని పని నేర్చుకోవడం షురూ చేసింది.

పాడైన వాల్వు ఏదో తనే కనిపెట్టింది. వెనక మూత తీసి, ఆన్‌లో ఉండగానే చెక్క పెన్సిలుతో ఒక్కొక్క వాల్వును మెల్లగా తట్టింది. ఒకదాన్ని తట్టగానే స్పీకరు గరగరమంది. ఆఫ్ చేసి, చల్లారనిచ్చి, దాని చోట కొత్తది పెట్టింది. మళ్లీ ఆన్ చేస్తే ఏ చప్పుడూ లేదు. అత్తమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

"ఇల్లు ఇంత నిమ్మళంగుంటదని నాకు తెల్వదు," అంది.

తర్వాత రాంగోపాల్‌పేట్ నుంచి కూడా గిటార్ వాయించేవాళ్లు ఆంప్లిఫయర్లు పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. "ప్లగ్గు పీకినమని లోపల చెయ్యి పెట్టొద్దు, కరెంటు దాగుంటది," అని ప్రతివాళ్లకూ చెప్పేది. "ఒక్కదాన్నే మార్చి చూడు. అన్నీ ఒక్కసారి మారిస్తే ఏది పాడైందో ఎట్ల తెలుస్తది?" అనేది. నాకూ అట్లాగే నేర్పింది.

మొన్న అత్తమ్మ ఇంట్లో చర్చివాళ్లు ప్రార్థన చేసిన ఆదరణ కూడిక అయి అందరూ వెళ్లాక నాన్న ఆంప్లిఫయర్ వైపు చూసి, "జెర అది పెట్టు," అన్నాడు.

ఆన్ చేస్తే ఒక వాల్వు వెలగలేదు. ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, దాన్నీ పక్కనున్న అటువంటి వాల్వునూ అటూ ఇటూ మార్చి, మళ్లీ ఆన్ చేశాను. చీకటి కూడా వాల్వుతో పాటే పక్క గూట్లోకి వెళ్లింది. అంటే పాడైంది వాల్వే. మళ్లీ ప్లగ్గు తీసి, ఆగి, అత్తమ్మ డ్రాయరులో పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టుకున్న వాల్వుల్లోంచి ఒకటి తెచ్చి పెట్టాను. ఈసారి అన్నీ వెలిగాయి.

నాన్న కుర్చీ దాని వెనక్కి లాక్కుని, వాల్వులు కనిపించేట్టు కూర్చున్నాడు. గిటార్ తగిలించమనలేదు.

ఇంతలో వీధంతా కరెంటు పోయింది. లైటు ఆరింది, ఫ్యాను ఆగింది. గదిలో ఆ వాల్వుల ఎరుపు మాత్రం వెంటనే పోలేదు. సన్నబడుతూ, ఇంకా సన్నబడుతూ ఉంది. నాన్న ముందుకు వంగి, రెప్ప వేయకుండా దాన్నే చూస్తున్నాడు.