ఎడమవైపు సగం

పొద్దున ఆరింటికి లేచి నేలమాళిగలోకి దిగి పాత ఓవెన్ వెలిగించడం నా మొదటి పని. కాఫీ కూడా ఆ తర్వాతే. ఆరేళ్ళు అలా జరిగింది. ఆ ఓవెన్లో ఎప్పుడూ రొట్టె కాల్చింది లేదు. అందులో మా ఆయన మట్టి వేడెక్కేది. గోధుమరంగు ముద్దలు రేకు పళ్ళెంలో తనే పేర్చి ఉంచానని ఆయన అనుకునేవాడు గానీ, పేర్చేది నేనే. మైనం, గంధకం కలిపిన మట్టి అది. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లబడితే చెక్కలా గట్టిపడుతుంది. ఇల్లంతా అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన. ఆ వాసన మీదే నేను కాఫీ పెట్టేదాన్ని, ఆయన మెట్లు దిగేవాడు.

ఇప్పుడూ ఆరింటికే మెలకువ వస్తుంది. మెట్లు సగం దిగాక గుర్తొస్తుంది. రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడి పైకి వచ్చేస్తాను.

మా ఆయన పేరు కాజిమిర్. అందరూ కాజ్ అనేవాళ్ళు. ఫిబ్రవరిలో పోయాడు, కడుపులో పుండు ముదిరి. ఆయన గురించి పేపర్లో నాలుగు లైన్లు వేశారు. ఆల్డన్ కార్ల కంపెనీలో ముప్పైమూడేళ్ళు పనిచేశాడని, చర్చిలో కానుకల పళ్ళెం పట్టేవాడని. అందులో ఆయన చేతుల మాట లేదు. నేను పదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు, రాయడం అలవాటు లేదు. అయినా ఆ మాట ఎవరో ఒకరు రాయాలి.

కాజ్ కారు బొమ్మలు చేసేవాడు. బొమ్మలంటే పిల్లలవి కాదు, అసలు కారంత బొమ్మ, మట్టితో. పై గదుల్లో కుర్రాళ్ళు కాగితం మీద కారు గీస్తే, కింద వీళ్ళు చెక్క చట్రం మీద వేడి మట్టి మెత్తి, గీకి, ఆ గీతకి ఒళ్ళు తెచ్చేవాళ్ళు. ఎక్కడైనా ఎగుడుదిగుడు ఉందేమో కళ్ళతో చూసేవాడు కాదు మా ఆయన. కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. వెంట్రుకవాసి గుంట ఉన్నా చెయ్యి ఆగిపోయేది. మా మొదటి పరిచయం కూడా అలాంటిదే. మా పెదనాన్న కూతురి పెళ్ళిలో నాతో పోల్కా డాన్సు చేస్తూ, "నీ ఎడమ భుజం కుడి దానికంటే కొంచెం కిందకి ఉంది, తెలుసా?" అన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. నిజమే.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త బండికి ఇద్దరు రెండు రకాలుగా గీసినప్పుడు రెండు కార్లు చెయ్యరు. ఒకే బొమ్మకి ఎడమవైపు ఒక రకం, కుడివైపు ఇంకో రకం చేస్తారు. నడిమధ్యన అద్దం నిలబెడితే సగం చూసి పూర్తి కారు చూసినట్టు ఉంటుంది. కంపెనీ పెద్దవాళ్ళు వచ్చి ఒకవైపు చూసి, చుట్టూ తిరిగి రెండోవైపు చూసి, ఏదో ఒకటి ఎంచుకుంటారు.

ఒక ఏడాది చలికాలంలో కాజ్‌కి ఎడమవైపు పడింది. కుడివైపు ఎర్విన్ అనే ఆయనకి. ఎర్విన్‌కి అప్పుడు నడుము నొప్పి, వారంలో రెండు రోజులు సెలవు. ఎడమవైపుది పై అధికారి ఒకాయనకి ముద్దొచ్చిన గీత. వ్యాన్ కిందభాగం మీద కారు పైభాగం కూర్చోబెట్టి, చుట్టూ బూడిదరంగు ప్లాస్టిక్ పట్టీ. ఓ రోజు కాజ్ సూప్ తింటూ కాగితం మీద గీసి చూపించాడు.

"ఇదేంటి, ముక్కు రెండుందేంటి దీనికి?" అన్నాను.

"పైది దీపాలకి, కిందది గాలికి."

"పంది జలుబు చేసి పడుకున్నట్టుంది."

"అంత అందంగా కూడా లేదు, జెన్," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నా పూర్తి పేరు జెనవీవ్. పూర్తిగా పిలిచాడంటే కోపం వచ్చిందని.

నవ్వాడే గానీ, ఆ నెలంతా రాత్రి ఎనిమిదికి ముందు ఇంటికి రాలేదు. ఆదివారాలు కూడా వెళ్ళేవాడు. ఒకసారి అడిగాను, నచ్చని దానికి ఇంత కష్టమెందుకని. "నచ్చకపోతే మాత్రం? వంకరగా వదిలేస్తే చెయ్యి ఊరుకోదు," అన్నాడు. బండి వెనక ఉబ్బిన ఆ గూని వీపుని, ఆ రెండు ముక్కుల్ని ఎక్కడా వెలుగు విరగకుండా నున్నగా తీర్చాడు. చూపించే రోజున బొమ్మ మీద పల్చటి వెండిరంగు పొర అతికిస్తారు, లోహంలా మెరవడానికి. కాజ్ సగం మీద ఆ పొర ముడత లేకుండా పారిందట. ఎర్విన్ సగం మీద వెనక తలుపు దగ్గర వెలుగు వణికిందట. గీత మంచిదే, ఎర్విన్‌కి దాన్ని చేతుల్లోకి తెచ్చుకునే టైము లేకపోయింది. పెద్దవాళ్ళు పావుగంట తిరిగారు. ఎడమవైపు ఎంచుకున్నారు.

ఆ సాయంత్రం కాజ్ చేతులు కడుక్కోకుండా కూర్చున్నాడు.

"నేను కొంచెం పాడుచేసుంటే కుడిది తీసుకునేవాళ్ళు," అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట నాతో ఎత్తలేదు.

ఆ బండి పేరు సొనోరా. అది రోడ్డెక్కాక ఏమైందో మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. టీవీలో వాళ్ళు రాత్రిపూట దాని మీద జోకులేసేవాళ్ళు. ఫ్రిజ్ మీద ఫ్రిజ్ పడ్డట్టుందన్నారు. మా ఫాదర్ గారు కూడా ప్రసంగంలో, దేవుడు అన్నింటినీ క్షమిస్తాడు, సొనోరాని కూడా అన్నారు. కాజ్ ఉద్యోగుల రాయితీలో ఒకటి కొన్నాడు, పసుపురంగుది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. చర్చి దగ్గర అందరికీ కనపడేలా ముందు వరసలోనే ఆపేవాడు.

ఆల్డన్ అంతకుముందు నుంచే దిగజారుతోంది. మా నాన్న కాలంలో డాక్టర్లు, లాయర్లు ఆల్డన్ కొనేవాళ్ళు. మా కాలానికి ముసలివాళ్ళు కొనేవాళ్ళు. సొనోరా తర్వాత ముసలివాళ్ళు కూడా కొనలేదు. ఫ్యాక్టరీలో మొదట రాత్రి షిఫ్టు తీసేశారు, తర్వాత సాయంత్రం షిఫ్టు.

ఎదురింటి ఫ్లోరియన్ ఆ సాయంత్రం షిఫ్టులోనే ఉండేవాడు. సొనోరాకి తలుపులు బిగించే పని. కాజ్, ఫ్లోరియన్ ఒకే స్కూలు, ఒకే బెంచీ. ఈస్టర్ ముందు వారం మా గరాజ్‌లో ఇద్దరూ కలిసి పేగుల్లో మాంసం కూరి సాసేజ్ చేసేవాళ్ళు, ముప్పై పౌన్ల మాంసం, వెల్లుల్లి, మార్జొరం ఆకు. మాంసం కూరే ఇనప మర మా మామగారిది. ఒక ఏడు మా ఇంట్లో, ఒక ఏడు వాళ్ళింట్లో ఉండేది. ఒకడు పిడి తిప్పితే ఒకడు పేగు పట్టుకోవాలి, ఒక్కడి వల్ల కాదు.

షిఫ్టు తీసేస్తున్నారని తెలిసిన వారమే చర్చి హాల్లో శుక్రవారం చేపల భోజనం. ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాలు, శుక్రవారం మాంసం ముట్టం. మా బల్ల చుట్టూ పదిమంది. ఫ్లోరియన్ బీరు తాగి ఉన్నాడు, మరీ ఎక్కువేం కాదు.

"రోజుకి నాలుగొందల తలుపులు బిగిస్తున్నా," అన్నాడు. "ప్రతి తలుపు దగ్గరా ఒకటే అనుకుంటా. దీన్ని చేసినవాడి మొహం ఒక్కసారి చూడాలని."

"చూసి ఏం చేస్తావురా?" అని ఎవరో అన్నారు.

"ఏం చెయ్యను. సొనోరా కొనిపెడతా. అంతకంటే పెద్ద శిక్ష ఉందా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. కాజ్ ఫోర్కు కింద పెట్టాడు.

"ఎడమ సగం నాది," అన్నాడు. "వాళ్ళు ఎంచుకున్న సగం."

ఫ్లోరియన్‌కి మొదట అర్థం కాలేదు. కాజ్ నెమ్మదిగా చెప్పాడు, అద్దం సంగతి, ఎర్విన్ నడుము సంగతి, వెలుగు వణికిన సంగతి, అన్నీ. చెప్పకుండా ఉండాల్సింది. గీసినవాడు వేరే, ఎంచుకున్నవాడు వేరే, మా ఆయన తలొంచుకుని మట్టి గీకినవాడు. ఆ ముక్క నేను అందామనుకున్నాను. నోరు రాలేదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను.

"నీకు తెలుసు అది దరిద్రంగా ఉందని," అన్నాడు ఫ్లోరియన్.

"తెలుసు."

"తెలిసీ బాగా చేశావు."

"చేశాను."

ఫ్లోరియన్ తన పళ్ళెం తీసుకుని వేరే బల్లకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఏడు మర వాళ్ళింట్లో ఉంది. అక్కడే ఉండిపోయింది.

ఆరేళ్ళు. మంచు పడితే ఇద్దరూ ఒకే టైముకి పారలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు, వీధికి చెరో వైపు. తల ఎత్తేవాళ్ళు కాదు. ఫ్యాక్టరీ మూసేశారు. తర్వాత కంపెనీవాళ్ళు ఆల్డన్ పేరుతో ఇక బండి రాదని చెప్పేశారు. ఫ్లోరియన్ యాభైఎనిమిదేళ్ళ వయసులో కిరాణా దుకాణంలో రాత్రిపూట డబ్బాలు సర్దే పనికి వెళ్ళాడు. అతను పొద్దున ఏడింటికి ఇంటికి వచ్చి కారు దిగడం మా వంటింటి కిటికీలోంచి కనపడుతుంది. కాజ్ ఆ టైముకి కిటికీ దగ్గరికి వచ్చేవాడు కాదు.

కాజ్‌ని అంతకుముందే, ఆ లెంట్ అయిన వెంటనే, ఇంటికి పంపేశారు. వారం తిరక్కుండా నేలమాళిగలో బల్ల వేసుకున్నాడు. పావువంతు కొలతలో ఆ బొమ్మే మళ్ళీ మొదలుపెట్టాడు, రెండు సగాలూ. ఎడమవైపు రెండు నెలల్లో అయిపోయింది. చేతులకి అంతా గుర్తుంది. కుడివైపు మాత్రం తెగలేదు. ఆ వైపు గీత కాగితాలు లేవు, గుర్తున్నంతలో చేసేవాడు. మెత్తేవాడు, గీకేవాడు, అద్దం పెట్టి చూసేవాడు, మళ్ళీ గీకేవాడు. ఒక తలుపుని నలభైసార్లు తీశాడేమో.

"ఇది బాగా వచ్చిందనుకో, ఏమవుతుంది?" అని ఒకసారి అడిగాను.

"బాగా వస్తే వాడికి చూపిస్తా. ఇది కదా నువ్వు బిగించాల్సిన తలుపు అని."

అప్పటికి తెలిసింది నాకు, ఆరేళ్ళుగా నేను ఎందుకు ఓవెన్ వెలిగిస్తున్నానో.

జనవరిలో మంచం పట్టాడు. చేతులు సన్నబడి, వాచీ మోచేతి దాకా జారేది. ఫ్లోరియన్‌ని పిలవనా అంటే, వద్దు, వాడికి ఇల్లు తెలుసు అనేవాడు. ఆఖరి వారం మాట మార్చాడు. "వెళ్ళి చెప్పు, జెన్. కుడివైపు పూర్తవలేదని కూడా చెప్పు."

మంచులో వీధి దాటి వెళ్ళాను. ఫ్లోరియన్ తలుపు సగం తీసి నిలబడ్డాడు. డ్యూటీ నుంచి వచ్చి పడుకుని లేచిన మొహం.

"నిన్ను అడుగుతున్నాడు," అన్నాను. "ఎక్కువ రోజులు లేవు."

"చూస్తాలే, జెనవీవ్."

మంగళవారం అడిగాడు కాజ్, ఫ్లోరియన్ వచ్చాడా అని. బుధవారం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. దారిలో ఉన్నాడని అబద్ధం చెప్పాను. దారి అంటే ఇరవై అడుగులు. నేను చెప్పింది అబద్ధమని ఆయనకి తెలుసు, అది పట్టించుకోకుండా ఇంకో పని చెప్పాడు.

"కింద ఎడమవైపు గీకేయ్. నీ జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడిచేస్తే వెన్నలా వస్తుంది. కుడివైపు ఎలా ఉన్నా సరే, ఉంచు. ఎడమది మాత్రం ఎవరూ చూడకూడదు."

సరేనన్నాను. గురువారం తెల్లవారి పోయాడు.

పూజ జరుగుతున్నప్పుడు ఫ్లోరియన్ చర్చిలో వెనక తలుపు దగ్గర నిలబడ్డాడట. శవపేటిక బయటికి తెచ్చేసరికి లేడు.

ఈస్టర్‌కి వారం ఉందనగా తలుపు కొట్టాడు. చేతిలో మర. నూనె రాసి, గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"మీ ఇంటి వస్తువు," అన్నాడు.

"ఇప్పుడు నేనేం చేసుకోను దీన్ని."

"నేను మాత్రం ఏం చేసుకుంటాను. పిడి తిప్పేవాడేడీ?"

లోపలికి రమ్మన్నాను. కూర్చోలేదు. కిందకి తీసుకెళ్ళమన్నాడు. కాజ్ కింద ఏదో చేస్తున్నాడని వీధంతా తెలుసు, కిటికీలోంచి ఆ అగ్గిపుల్ల వాసన వెళ్ళేది కదా. ఎడమది ఎవరూ చూడకూడదని కాజ్ మాట, కానీ ఆరేళ్ళు ఫ్లోరియన్ కోసమే చేశాడు. నేను ముందు దిగాను. బొమ్మ మీద కప్పిన దుప్పటి తీశాను.

ఫ్లోరియన్ కుడివైపు చూశాడు. వేలిగుర్తులు, అతుకులు, సగం గీకిన తలుపు. చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చాడు. తర్వాత చెయ్యి చాపి, ముందు దీపం దగ్గర మొదలుపెట్టి, తలుపు మీదుగా వెనకదాకా అరచెయ్యి పోనిచ్చాడు. ఎక్కడా ఆగలేదు.

"మూడేళ్ళు బిగించాను ఈ తలుపు," అన్నాడు. "మా దగ్గరికి వచ్చిన రేకు ఒక్కటీ ఇలా లేదు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టేవాళ్ళం."

నేను దుప్పటి మడిచాను.

"దీన్ని చూస్తే ఎవడైనా ఇదే తీసుకుంటాడు. నేనైనా."

"ఆ మాట ఆయనతో చెప్పుంటే బావుండేది," అన్నాను.

"ఆ రోజు వచ్చుంటే తిట్టేవాణ్ణి, జెనవీవ్. చచ్చిపోతున్నవాణ్ణి తిట్టేవాణ్ణి. అందుకే రాలేదు." చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఇప్పుడూ తిట్టాలనే ఉంది. ఇంత బాగా ఎందుకు చేశాడు?"

మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వంటింట్లో మర అలాగే వదిలేసి. నేను ఒక్కదాన్నే తిప్పలేను, అతనూ తిప్పలేడు. ఇద్దరం కలిసి తిప్పుతామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి జుట్టు ఆరబెట్టే మిషను పట్టుకుని కిందకి దిగాను. ఈసారి మెట్ల మధ్యలో ఆగలేదు. గోడకున్న మేకుల మీంచి గీకుడు కత్తి తీశాను, ఆయన చెమటకి పిడి నల్లబడింది. నేల మీద పాత పేపర్లు పరిచాను. ప్లగ్గు పెట్టాను. చూపు పెద్దగా ఆనదు నాకు, అందుకని ఎక్కడ మొదలుపెట్టాలా అని చేత్తో తడిమాను. ముందు దీపం, రెండు ముక్కులు, తలుపు, గూని వీపు. కళ్ళు మూసుకుంటే అది వికారంగా లేదు. మా ఆయన చెయ్యి ఎక్కడెక్కడ నడిచిందో అక్కడే నా చెయ్యీ నడిచింది. కుడివైపు ఆయనకి రానిది. ఇది ఆయనకి వచ్చింది.

నలభైఒక్క ఏళ్ళలో ఆయన చెప్పిన పని నేను చెయ్యకుండా వదిలింది లేదు. ఆ ఎడమవైపు గీకలేదు. మర్చిపోయి కాదు, చేతకాకా కాదు. ప్లగ్గు పీకి, కత్తి మేకుకి తగిలించి, పేపర్లు మడిచి, మిషను తెచ్చి బాత్రూంలో దాని చోట పెట్టేశాను.