చూశానని చెప్పిన డ్రైవరు

డిపోలో అతన్ని అందరూ గడియారం అనేవారు. ఇరవై మూడేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. అతని బస్సు వచ్చిందంటే జనం చేతి వాచీలు సరిచేసుకుంటారని తోటివాళ్ళు నవ్వుతూ చెప్పుకునేవారు. ఆ మాటలో కాస్త ఉప్పూకారం దట్టించినా, ఇన్నేళ్ళలో ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యలేదన్నది మాత్రం నిజం. అందుకు సంస్థవారు ఇచ్చిన ప్రశంసాపత్రం ఇంటి ముందుగదిలో అద్దం కట్టించి ఉండేది.

అతనికి గిట్టనివి సైకిళ్ళు. క్యాంటీన్లో టీ తాగుతూ రోజూ అదే పాట. "బండికి టాక్స్ కట్టేది మనం, ఇన్సూరెన్స్ కట్టేది మనం, లైసెన్స్ కోసం లైన్లో నిలబడేది మనం. చిల్లిగవ్వ కట్టనివాళ్ళు రోడ్డు మధ్యలో ఊరేగుతారు." విన్నవాళ్ళు తలలు ఊపేవారు. అక్కడున్న అందరిదీ దాదాపు అదే మాట.

ఆ ఉదయం వాన అప్పుడే వెలిసింది. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. వంతెన దాటాక రోడ్డు సన్నబడే చోట ముందు ఒకావిడ సైకిల్ మీద వెళుతోంది. నలభై ఏళ్ళుంటాయి, భుజానికి నీలం సంచి. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం ఆవిడది. ఆ సంగతి అతనికి తర్వాత తెలిసింది. రోడ్డు అంచున ఒక గుంట నీళ్ళతో నిండి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి ఆవిడ మూరెడు లోపలికి జరగబోతూ, ముందుగా వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి. అతని కాలు బ్రేకు మీదికి పోలేదు, చెయ్యి హారన్ మీదికి పోయింది. తనే తప్పుకుంటుందిలే అనుకున్నాడు.

బస్సు ముందు భాగం ఆవిడని దాటింది. వెనక భాగం దాటలేదు.

చప్పుడు పెద్దదేమీ కాదు. రేకు డబ్బా మీద చేత్తో తట్టినట్టు వినిపించిందంతే. బస్సాపి పరుగెత్తుకెళ్ళేసరికి ఆవిడ గుంటలో పడి ఉంది. సైకిల్ చక్రం ఇంకా తిరుగుతోంది. మోకాలు ఎటు వంగకూడదో అటు వంగి ఉంది. అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ తల పక్కన బురదలోనే కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం యూనియన్ నాయకుడు అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు. "అన్నా, కనబడలేదని రాయి. హఠాత్తుగా అడ్డం వచ్చిందని రాయి. బస్సులోవాళ్ళు కూడా అదే అంటున్నారు. పిల్లలున్నవాడివి, ఉద్యోగం చూసుకో."

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఇది అచ్చంగా అతికింది. అతను రాశాడు, సంతకం పెట్టాడు.

మూడు వారాల తర్వాత, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళాడు. ఆవిడ కాలికి లోపల కడ్డీలు వేసి, పైన కట్టు కట్టి ఉంది. మంచం పక్కన నిలబడి, తనెవరో చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ చాలాసేపు అతని మొహంలోకే చూసింది.

"కూర్చోండి" అంది. "మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు రాసింది మా అక్క నాకు చదివి వినిపించింది. నేను వెనక్కి చూశాను, డ్రైవర్ కూడా నన్ను చూశాడు అని చెప్తే ఎవరూ నమ్మట్లేదు. తలకి దెబ్బ తగిలింది కదా, అలాగే అనిపిస్తుందిలే అంటున్నారు. పడుకుని రోజంతా అదే ఆలోచిస్తున్నాను. నిజంగా చూశానా, లేక నా బుర్రే పాడైందా అని. అది తెలిసినవాళ్ళు మీరొక్కరే. నన్ను చూశారా, లేదా?"

కాలు విరగ్గొట్టింది చాలక, ఆ మనిషి బుద్ధిని కూడా తను అనుమానంలో పడేశాడని అప్పుడు గానీ అతనికి తట్టలేదు.

"చూశానమ్మా" అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "మరి ఎందుకు ఆగలేదు?" అని అడిగింది.

"టాక్స్ కట్టేది మేము, తప్పుకోవాల్సింది మీరు అన్న తలపొగరు. ఇంకేం లేదు."

"ఇంటి పన్ను కడతాను. సబ్బు కొన్నా పన్ను కడతాను. రోడ్లు వేసేది వాటిలోంచి కూడా కదా" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "సరే, కట్టలేదే అనుకోండి. కట్టకపోతే కాలు విరగ్గొట్టొచ్చా?"

అతను, తెచ్చిన పళ్ళ సంచి ఇవ్వడానికి మొహం చెల్లక అలాగే ఇంటికి పట్టుకొచ్చాడు.

రేపు డిపోలో జరిగే విచారణలో నిజం చెప్తానని భార్యతో అన్నాడు. ఆమె బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టేసింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమండీ? ఆవిడ కాలు మామూలవుతుందా? మన తిండి పోతుంది, అంతే."

"కాలు మామూలవదు. కానీ ఆవిడకి పిచ్చెక్కిందనుకుంటున్నారే. అదైనా ఆగుతుంది."

భార్య మళ్ళీ చేట అందుకుంది. తెల్లారి లేచేసరికి అతని యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉంది. ఒప్పుకున్నానని ఆమె ఎన్నడూ అనలేదు.

విచారణలో పాత కాగితం అతని ముందు పెట్టి, ఇది నీ మాటేనా అని అధికారి అడిగాడు. "సంతకం నాదే సార్. మాట మాత్రం అబద్ధం. ఆవిడ నన్ను చూసింది, నేనూ ఆవిణ్ణి చూశాను. బ్రేకు వేసే వీలుంది. వెయ్యలేదు." అధికారి కలం మూత పెట్టి, "ఏం చెప్తున్నావో తెలిసే చెప్తున్నావా?" అన్నాడు. తెలుసన్నాడు. పక్కనున్న యూనియన్ నాయకుడు కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కోర్టు, జరిమానా, ఏడాది పాటు లైసెన్సు రద్దు. ఉద్యోగం పోలేదు గానీ యార్డులో బస్సులు కడిగే పనిలో వేశారు. ప్రశంసాపత్రం సంస్థ వెనక్కి తీసుకుంది. క్యాంటీన్లో అతనొస్తే బెంచీ ఖాళీ అయ్యేది. గడియారం అన్న పేరు కూడా పోయింది. ఆ తర్వాత డిపోలో ఏ పేరుతోనూ ఎవరూ పిలవలేదు.

అధికారి మాత్రం అతన్ని మరిచిపోలేదు. ఏడాది తిరిగాక పిలిచి, మళ్ళీ బస్సు తీసుకుంటావా అని అడిగాడు. వద్దన్నాడు. కొత్తగా డ్రైవర్లు చేరినప్పుడల్లా వాళ్ళతో ఒక్క పూట తనని మాట్లాడనివ్వమన్నాడు. అధికారి ఒప్పుకున్నాడు.

మాట్లాడటం అతనికి చేతకాదు. అందుకని పాత సైకిళ్ళు నాలుగు సంపాదించి, యార్డులో తెల్లగీత గీసి దాని పక్కన నిలబెట్టి, కుర్రాళ్ళని వాటి మీద ఎక్కించాడు. వెనక నుంచి బస్సు వచ్చి మూరెడు దూరంలో దాటిపోయేది. ఆ గాలికి హ్యాండిల్ వణికేది. దిగినవాళ్ళ మొహాల్లో నెత్తురుచుక్క ఉండేది కాదు. తర్వాత అదే బస్సు రెండు బారల దూరం నుంచి పోయేది. తేడా ఏమిటో నోటితో చెప్పనక్కర్లేదు.

ఒకసారి ఒకడు, "వాళ్ళు టాక్స్ కట్టరు కదా సార్" అన్నాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు, కోప్పడలేదు. "నేనూ అదే అనేవాణ్ణి నాయనా" అని మొదలుపెట్టి, ఆ ఉదయం సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. బురద, తిరుగుతున్న చక్రం, తను రాసిన అబద్ధం, ఏదీ వదల్లేదు.

ఆవిడ కర్ర ఊతంతో నడుస్తూ మళ్ళీ ఉద్యోగంలో చేరింది, ఆఫీసులో కూర్చునే పనిలో. ఒకసారి వచ్చి కొత్తవాళ్ళతో మాట్లాడతారా అని అతను ఫోన్ చేస్తే రానంది. "నా కాలు చూపించి పాఠం చెప్పొద్దు. మిమ్మల్ని క్షమించానని కూడా నా నోటితో అనిపించుకోవాలని చూడకండి. నిజం చెప్పారు, అది చాలు. ఇంక ఫోన్ చెయ్యకండి."

సరేనమ్మా అన్నాడు. మళ్ళీ చెయ్యలేదు.

రిటైరయ్యేదాకా ఆరేళ్ళు ఆ యార్డులోనే ఉన్నాడు. మూడు వందల పైచిలుకు డ్రైవర్లు అతని ముందు సైకిలెక్కి దిగారు. వాళ్ళలో ఎందరు రోడ్డు మీద ఆ పూటని గుర్తుంచుకున్నారో అతనికి తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. చివరి రోజున వీడ్కోలు సభ పెడతామంటే వద్దని, కొత్తగా వచ్చిన ఐదుగురినీ వెంటబెట్టుకుని తెల్లగీత దగ్గరికి వెళ్ళాడు.